విశాఖ గాలిలో విశాఖ ఎంత?

కార్తీకం ఆఖరి వారంలో, రేడియో వినడం కోసమే విశాఖ వెళ్లొచ్చాం. బీచి గురించి, బొర్రా గుహల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇది ఆ ఊరి గాలిలో వినిపించేదాని గురించి, వినిపించడం మానేసినదాని గురించి.

సంచిలో ఉన్నవి: ఆకాశవాణి పాత పద్ధతి ప్రసారాలు వచ్చే మీడియం వేవ్, ఎఫ్‌ఎం రెండూ పలికే చిన్న సెట్టు, పెన్సిల్ సెల్స్, ఇయర్‌ఫోను, నోటు పుస్తకం. చిన్న సెట్లలో ఎఫ్‌ఎంకి ఇయర్‌ఫోను తీగే యాంటెన్నా. దాన్ని చుట్టచుట్టి జేబులో పెడితే స్టేషన్ పోతుంది, నిటారుగా వేలాడనివ్వాలి. మీడియం వేవ్ యాంటెన్నా సెట్టు లోపలే ఉంటుంది, నల్లటి ఫెరైట్ కడ్డీకి రాగి తీగ చుట్టి. కాబట్టి మీడియం వేవ్ వినేటప్పుడు సెట్టునే మెల్లగా తిప్పుతూ గరగర తగ్గినచోట ఆపాలి. లాడ్జి గదిలో ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జరు కట్టేస్తే సగం గోల అక్కడే పోతుంది.

శుక్రవారం, సిరిపురం

పొద్దున్నే ఇడ్లీ, బొంబాయి చట్నీ. ఇక్కడ శనగపిండితో పల్చగా కాచి, పచ్చిమిర్చి ఉల్లిపాయ తగిలేలా చేస్తారు. పూరీకే అనుకుంటాం గానీ విశాఖలో ఇడ్లీ మీద కూడా గరిటెడు పోసేస్తారు. ప్లేటు 40 రూపాయలు. రెండోసారి చట్నీ అడిగితే మొహం చిట్లించరు.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కి "రేడియో స్టేషన్" అంటే కుర్రాడు తీసుకెళ్లి ఒక షాపింగ్ కాంప్లెక్స్ ముందు దింపాడు. పైన ఎఫ్‌ఎం బోర్డు ఉంది. అక్కడ పూలమ్మే పెద్దావిడ విని, "ఆకాశవాణా? ఎనక్కెల్లాలి బావూ, సిరిపురం" అంది. కుర్రాడు నొచ్చుకుని వెనక్కి తిప్పాడు. ఆ తిప్పుడుకి డబ్బులు తీసుకోమన్నా తీసుకోలేదు, మొదట ఒప్పుకున్న 80కే సరిపెట్టాడు.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న మొదలైంది. మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్లు. ఈ తరంగం పొడవు సుమారు 324 మీటర్లు. మీడియం వేవ్‌లో నిలబెట్టిన స్తంభమే యాంటెన్నా, అది తరంగంలో నాలుగో వంతు ఉండాలంటే 81 మీటర్ల ఉక్కు స్తంభం నిలబెట్టాలి. దాని చుట్టూ నేలలో రాగి తీగలు చక్రం ఆకుల్లా పాతాలి. భూమి దొంగతనాలకీ తీగ దొంగతనాలకీ ఆ స్థలం ఎప్పుడూ గురే. ఇంత నేల, ఇంత కరెంటు కావాలి. ప్రైవేటు వాళ్లకి ప్రభుత్వం లైసెన్సులు ఇచ్చింది ఎఫ్‌ఎంలోనే, మీడియం వేవ్ ఆకాశవాణి దగ్గరే ఉండిపోయింది.

ప్రైవేటు కథ ఒక తీర్పుతో మొదలవుతుంది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఆయన విడిగా రాసిన తీర్పులో ఈ ఆస్తి ప్రభుత్వం గుత్తాధిపత్యంలోకి గానీ డబ్బున్న కొందరి గుత్తాధిపత్యంలోకి గానీ పోకూడదన్న ఆందోళన స్పష్టంగా ఉంది. ప్రైవేటు ఎఫ్‌ఎంకి ఇచ్చిన మొదటి విడత లైసెన్సులకు ఏటా 15 శాతం పెరిగే ఫీజు పెట్టారు, చాలామంది మోయలేకపోయారు. 2005లో రెండో విడతకి పద్ధతి మార్చి, ఆదాయంలో 4 శాతం వాటా అన్నారు. జనాభా లెక్కన పెట్టిన తరగతుల్లో విశాఖ 'బి' తరగతి నగరం. ఇప్పుడు డయల్ మీద 91.1, 92.7, 93.5, 98.3 వరసగా దొరుకుతాయి. మొదటి మూడింటి మధ్య దూరం చూడండి: 1.6, 0.8. ఒకే ఊళ్లో రెండు స్టేషన్ల మధ్య కనీసం 0.8 మెగాహెర్ట్జ్ ఉండాలన్నది లెక్క.

నాలుగింటి యజమానుల్లో ఎవరూ విశాఖవాళ్లు కారు. 91.1 నడిపే రేడియో సిటీ 2015లో హిందీ దినపత్రిక జాగరణ్ గ్రూపు చేతికి వెళ్లింది. 92.7 కంపెనీ 2023లో దివాలా ప్రక్రియలో పడి, 2024లో కొత్త యజమాని చేతికి వచ్చింది. 93.5 చెన్నై సన్ గ్రూపుది, 98.3 టైమ్స్ గ్రూపుది. ఇందులో చట్టానికి విరుద్ధమైనదేమీ లేదు. కానీ ఈ ఊరి స్టేషన్లో రాత్రి మనిషిని ఉంచాలా వద్దా అన్నది ఈ ఊళ్లో తేలదు.

అసలు మలుపు 2011 నాటి మూడో విడత విధానంలో ఉంది. అంతకుముందు ఒక స్టేషన్ కార్యక్రమాన్ని ఇంకో ఊళ్లో వేయాలంటే ఒకే ప్రాంతంలోని 'సి', 'డి' తరగతి చిన్న పట్టణాలకే అనుమతి. మూడో విడతలో ఆ గీత చెరిపేశారు. ఒక కంపెనీ తన స్టేషన్లన్నిటికీ, దేశమంతటా, ఒకే కార్యక్రమం పంపుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం తర్వాత విశాఖలాంటి ఊళ్లలో స్టూడియో గదుల అవసరం తగ్గిపోయింది.

శనివారం తెల్లవారుజాము, ఫిషింగ్ హార్బర్

చీకటితోనే వెళ్లాలి. వేలం తెల్లారకముందే మొదలవుతుంది. నేలంతా ఐసు నీళ్లు, చెప్పులు జారతాయి. కార్తీకంలో చాలా ఇళ్లలో నీచు ముట్టరు కాబట్టి ధర దిగి ఉంది: కోనాం కిలో 560. నెల మారితే 700 దాటుతుందని అమ్మే ఆవిడ చెప్పింది. కవళ్లు, కానాగంతలు తట్టల లెక్కన పోతున్నాయి. ఫొటో తీసే ముందు అడగాలి, అడిగితే చేప పట్టుకుని మరీ నిలబడతారు. అడక్కుండా తీస్తే తిట్టే తిట్లు మాత్రం ఇక్కడ రాయలేం.

ఒక మర పడవ సరంగు ఇంజను గది తలుపు దగ్గర పాత మీడియం వేవ్ సెట్టు మేకుకి తగిలించాడు. వెనక మూత పోతే రబ్బరు ట్యూబు ముక్కతో బిగించి ఉంది. "ఎఫ్‌ఎమ్ము కూసింత దూరమే వస్తాది బావూ, ఆ తర్వాతంతా గరగరే. ఇదయితే ఒడ్డు కనపడకపోయినా పలుకుతాది" అన్నాడు.

ఆయన చెప్పింది లెక్కకి సరిగ్గా సరిపోతుంది. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు మేరే వెళుతుంది. యాంటెన్నా సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తున, రేడియో 2 మీటర్ల ఎత్తున ఉంటే ఆ దూరం సుమారు 47 కిలోమీటర్లు. యాంటెన్నా 200 మీటర్ల ఎత్తున ఉంటే 64. మీడియం వేవ్ భూమిని అంటిపెట్టుకుని సాగుతుంది. ఉప్పునీరు మామూలు నేలకంటే వందల నుంచి వేల రెట్లు మంచి వాహకం కాబట్టి సముద్రం మీద ఇంకా దూరం పోతుంది. రాత్రయితే వాతావరణం పైపొర నుంచి తిరిగొచ్చే తరంగం కూడా కలుస్తుంది, అప్పుడప్పుడు గొంతు తగ్గి పెరుగుతుంది. రోజుల తరబడి వేటకెళ్లే పడవకి తుపాను కబురు చేరవేయగలిగిన రేడియో ఆ గరగరలాడే పాత మీడియం వేవే. ఇప్పుడు పడవల్లో ఉపగ్రహ పరికరాలు బిగిస్తున్నారు, మంచిదే. అయినా కళాసీలందరూ ఒకేసారి వినేది గోడకి తగిలించిన సెట్టునే.

మన దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లని ఒక్కొక్కటిగా ఆపేస్తూ వస్తున్నారు. ఖర్చు నిజమే: 100 కిలోవాట్ల ప్రసారానికి అంతకు మించిన కరెంటు లాగుతుంది, పాత వాటికి విడిభాగాలు దొరకవు. ఆపాలా వద్దా అని లెక్క వేసేటప్పుడు తీరం వెంట ఉన్న స్టేషన్‌ని మధ్య భారతంలోని స్టేషన్‌తో ఒకే గాట కట్టకూడదు. ఈ హార్బర్‌లో గంట నిలబడినవాళ్లెవరూ అలా కట్టరు.

టీ కొట్టు దగ్గర హుద్‌హుద్ మాట రాకుండా ఉండదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను నేరుగా ఊరి మీదే తీరం దాటింది. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, రోజుల తరబడి. సెల్స్‌తో నడిచే ట్రాన్సిస్టర్ ఉన్న ఇల్లే వీధికి వార్తాపత్రిక అయింది. అలాంటప్పుడు స్టేషన్‌కి కావలసింది డీజిలు. 10 కిలోవాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటరు, దాన్ని చల్లబరిచే ఏసీ, స్టూడియో కలిపి 20 కిలోవాట్లు అనుకుంటే జనరేటరు గంటకి 6, 7 లీటర్లు తాగుతుంది. 200 లీటర్ల పీపా దాదాపు 30 గంటలకి ఖాళీ. పీపాలు ఎన్ని ఉన్నాయి, బంకు మూసేస్తే ఎవరిని అడగాలి, జనరేటరు స్టార్టింగ్ బ్యాటరీ ఆఖరిసారి ఎప్పుడు చూశారు: ఇవన్నీ ఊళ్లో ఉన్న మనిషికే తెలుస్తాయి. దూరంగా ఉన్న కంట్రోల్ రూములో తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది, అంతవరకే.

శనివారం మధ్యాహ్నం, జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్

జగదాంబ దగ్గర భోజనం. దొండకాయ వేపుడు, పప్పుచారు, గోంగూర, చివర గడ్డ పెరుగు. ఆకు మీద 130. "ఇంకాస్త ఏసుకోండి" అని పక్కనే నిలబడి తినిపిస్తారు, వద్దంటే నమ్మరు.

పూర్ణా మార్కెట్ వైపు దిగే ఒక సందులో రేడియోలు బాగుచేసే కొట్టు ఉంది, మనిషి అడ్డంగా కూచుంటే నిండిపోయేంత. ఆ ముసలాయన బల్ల మీద మూత విప్పిన సెట్టు. సముద్రపు గాలి ఊళ్లలో రేడియోలకు వచ్చే జబ్బులు ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు. మొదటిది, సెల్స్ స్ప్రింగుకి పట్టే పచ్చటి చిలుము: నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక సన్న ఉప్పుకాగితం పడితే చాలు. రెండోది, వాల్యూమ్ తిప్పితే పరపర: లోపలి కార్బన్ పట్టీకి దుమ్ము పట్టి ఉంటుంది. రెండు చుక్కలు కాంటాక్ట్ క్లీనర్ వేసి ఆ చివర నుంచి ఈ చివరకి ఇరవై సార్లు తిప్పాలి. మూడోది అసలైనది, ఫెరైట్ కడ్డీ మీది తీగ తెగిపోవడం. వెంట్రుకంత పోగులు కలిపి పేనిన తీగ అది. ప్రతి పోగు మీదా వార్నిష్ పూత ఉంటుంది. ఒక్క పోగు గీకకుండా అతికించినా స్టేషన్ నీరసంగా పలుకుతుంది. అతికించాక డయల్ కింది చివర స్టేషన్ కోసం చుట్టను కడ్డీ మీద ఇటూ అటూ జరపాలి, పై చివర స్టేషన్ కోసం ట్రిమ్మర్ మర తిప్పాలి. రెండూ కుదిరాక మైనం కరిగించి చుట్టను కదలకుండా చేస్తాడు. మజూరీ 150.

ఆ కొట్టులో అమ్మకానికి ఉన్న కొత్త పెట్టెలన్నీ పెన్‌డ్రైవ్, బ్లూటూత్, ఎఫ్‌ఎం. మీడియం వేవ్ లేదు. "అడిగేవాళ్లు నేరండీ" అన్నాడు. అడిగేవాళ్లు లేక సెట్లు రావు, సెట్లు లేక వినేవాళ్లు ఉండరు, వినేవాళ్లు లేరని ట్రాన్స్‌మిటరు కట్టేస్తారు.

పక్క వీధిలో బట్టల కొట్టు యజమాని ఒకాయన ఎన్నో ఏళ్లుగా రేడియోకి ప్రకటనలు ఇచ్చేవారు. ఏ స్టేషనన్నది ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ముందు ఊళ్లోనే ఉండే అమ్మకాల కుర్రాడు వచ్చి కూచునేవాడట. పొద్దున మాట్లాడితే సాయంత్రానికి ఆర్‌జే తన మాటల మధ్యలోనే "పూర్ణా మార్కెట్లో ఫలానా కొట్లో ఆషాఢం సేల్" అనేసేవాడు. తర్వాత ఆ కుర్రాణ్ని తీసేశారు. ఇప్పుడు మెయిల్ పెట్టాలి, ప్యాకేజీ తీసుకోవాలి, ప్రకటన వేరే ఊళ్లో తయారవుతుంది. "పూర్ణా మార్కెట్‌ని పూర్ణ మార్కెట్ అని చదివీసారు" అన్నారాయన. ఆ డబ్బు ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ రీళ్లకి పోతోంది.

కంపెనీల వైపు లెక్క కూడా చూడాలి. ఒక స్టేషన్ ఖర్చుల్లో లైసెన్సు ఫీజు తగ్గదు: ఆదాయంలో 4 శాతం, లేదా లైసెన్సుకి కట్టిన మొత్తంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. టవరు అద్దె తగ్గదు. కరెంటు తగ్గదు. పాటల రాయల్టీ తగ్గదు. ఆదాయం పడిన నెలలో చెయ్యి పెట్టగలిగింది జీతాల పద్దు ఒక్కటే. జీతాలు తగ్గిస్తే ఊరి మనుషులు పోతారు, వాళ్లతో ఊరి ప్రకటనలు పోతాయి, మరుసటేడు ఆదాయం ఇంకా పడుతుంది. ఇదంతా ఎవరి దుర్బుద్ధీ కాదు. కానీ ఆ చక్రాన్ని ఆపాల్సిన నియమాన్నే 2011లో ఎత్తేశారు, అందుకు బాధ్యత ఉంది.

ఆదివారం, గోపాలపట్నం, ఆర్.ఆర్. వెంకటాపురం

బీచి రోడ్డు నుంచి 28 నంబరు బస్సుల్లో కూచుంటే ఎన్‌ఏడీ మీదుగా గోపాలపట్నం. ఆదివారం కాబట్టి సింహాచలం వెళ్లే జనంతో కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకి టికెట్టు లేదు. దిగి ఒక దారి అనుకుని ఇంకో దారిలో నడిస్తే రైల్వే పట్టాల దగ్గరికి తేలాం, అక్కడి వాళ్లే సరైన సందు చూపించారు.

వెంకటాపురంలో ఎవరినీ ఏమీ అడగలేదు. అడగకూడదు కూడా. చెప్పాలనిపించినవాళ్లు ఇప్పటికే చాలాసార్లు చెప్పారు.

2020 మే 7న, తెల్లవారుజాము మూడు గంటల వేళ, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. తొలి రోజుల్లోనే 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లకి ఎటు పరుగెత్తాలో తెలియదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది. గాలి వీచే దారికి అడ్డంగా, ఎత్తుకి పోవాలి.

రేడియో పనిలో ఉన్నవాళ్లకి ఈ ఊరి పేరు వింటే అమెరికాలో నార్త్ డకోటాలోని మైనాట్ గుర్తొస్తుంది. 2002 జనవరి 18, అర్ధరాత్రి దాటాక గూడ్సు బండి పట్టాలు తప్పి అమ్మోనియా మేఘం ఊరి మీదికొచ్చింది. ఒకరు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఊళ్లోని ఆరు వాణిజ్య స్టేషన్లూ క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీవే. పోలీసులు ఫోన్లు చేస్తే ఎత్తేవాళ్లు దొరకలేదు. హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగ్గా వాడలేదని కంపెనీ వాదించింది, ఆ వాదనలో కొంత నిజం ఉంది కూడా. ఏదైతేనేం, పాటలు మాత్రం ఆగలేదు. అంతకు ఆరేళ్ల ముందు, 1996 టెలికాం చట్టంతో, దేశం మొత్తం మీద ఒక కంపెనీకి ఇన్నే స్టేషన్లు అన్న పరిమితి తీసేశారు. క్లియర్ ఛానెల్ 1,200 దాకా కొనేసింది. 2008లో ఆ కంపెనీనే కొన్నవాళ్లు అందుకోసం చేసిన అప్పు కూడా దాని నెత్తినే పడింది. పేరు ఐహార్ట్‌మీడియాగా మార్చుకున్నాక, 2018లో సుమారు 2,000 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా కోర్టుకెక్కింది.

మన నియమాల్లో ఒక సంగతి చాలామందికి తెలియదు. ప్రైవేటు ఎఫ్‌ఎం సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌నే మార్చకుండా వేసుకోవాలి. గంటకి 10 నిమిషాలు సొంత వార్తలకి అనుమతించమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. కానీ ట్రాఫిక్, వాతావరణం, కరెంటు, నీటి సరఫరా, ప్రకృతి విపత్తులు, ఆరోగ్య హెచ్చరికలు, ఇవి స్థానిక యంత్రాంగం ఇస్తే చెప్పడానికి మూడో విడత నియమాల్లోనే అనుమతి ఉంది. అంటే తెల్లవారుజామున మూడింటికి హెచ్చరిక చదవడానికి ఏ చట్టమూ అడ్డం రాదు. ఆ వేళ స్టూడియోలో మనిషి ఉండాలి, అతని నంబరు కలెక్టరేట్ కంట్రోల్ రూము గోడ మీద ఉండాలి, ఎవరినీ అడక్కుండా పాట ఆపే అధికారం అతనికి ఉండాలి. తర్వాత చెప్పాల్సినవి నాలుగే: ఏయే ఊళ్లు, గాలి ఎటు వీస్తోంది, ఏం చెయ్యాలి, మళ్లీ ఎన్ని నిమిషాలకి చెబుతాం. నాలుగోది మరిచిపోతే జనం సెట్టు కట్టేసి ఫోన్లు పట్టుకుంటారు.

సోమవారం, భీమిలి రోడ్డు, తర్వాత రాత్రంతా

పగలు భీమిలి వెళ్లొచ్చాం. రుషికొండ దాటాక కొండ అడ్డొచ్చిన మలుపుల్లో ఎఫ్‌ఎం రెపరెపలాడుతుంది: నేరుగా వచ్చే తరంగం, కొండకి తగిలి వచ్చే తరంగం కలిసి కొట్టుకుంటాయి. రెండడుగులు పక్కకి జరిగితే సరి. సాయంత్రం ఆర్కే బీచిలో మురీ మిక్సర్, 40 రూపాయలు. టమాటా, నిమ్మకాయ ఎక్కువ వేయించుకోవాలి, మెత్తబడకముందే తినెయ్యాలి.

రాత్రి పని వినడం. ఒక స్టేషన్ గొంతు ఊళ్లోదా, ముందే రికార్డు చేసిపెట్టిన డబ్బాలోదా ఎవరైనా పోల్చుకోవచ్చు. టైము చెబుతున్నారా చూడాలి, "తొమ్మిదీ ఇరవై రెండు" అన్నట్టు నిమిషాలతో సహా. డబ్బాలోది టైము చెప్పదు. వాన పడుతుంటే ఇంకా తేలిక. ఊరి పేర్లు ఎలా పలుకుతున్నారో వినాలి: మద్దిలపాలెం, ఎండాడ, పెదజాలారిపేట. ఒక్క పేరూ రాకుండా అరగంట గడిస్తే అదీ ఒక జవాబే. ఫోన్ చెయ్యమని నంబరు ఇస్తే చెయ్యాలి. అన్నిటికంటే గట్టి పరీక్ష, విజయవాడలో ఉన్న స్నేహితుణ్ని అదే కంపెనీ స్టేషన్ పెట్టమని, ఫోన్‌లో రెండూ ఒకేసారి వినడం. పాటల మధ్య మాట అక్షరం తేడా లేకుండా ఒకటే వస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

ఆ రాత్రి పది దాటాక నాలుగు ప్రైవేటు స్టేషన్లలో ఎక్కడా టైము వినపడలేదు. ఊరి పేరు వినపడింది ప్రకటనల్లో మాత్రమే.

ఇది ఎలా తయారవుతుందంటే: పాటల జాబితాని ఒక సాఫ్ట్‌వేర్ వేస్తుంది. ఈ పనికి ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్లలో పేరున్న సంస్థ ఆర్‌సీఎస్‌ని 2006లో కొన్నది పైన చెప్పిన క్లియర్ ఛానెలే. ఆర్‌జే తెర ముందు కూచుంటాడు. ముందు పాట ఆఖరి పది సెకన్లు వినపడుతుంది, తర్వాతి పాటలో గొంతు ఎత్తుకునే ముందు ఎన్ని సెకన్ల వాద్యం ఉందో అంకె కనపడుతుంది. ఆ సందులో రెండు మాటలు చెప్పి తర్వాతి దానికి దూకుతాడు. నాలుగు గంటల షో అరగంట, నలభై నిమిషాల్లో అయిపోతుంది. అదే మనిషి సాయంత్రానికి మూడు ఊళ్లకి మూడు షోలు చెయ్యగలడు. ప్రతిభ లేక కాదు, చాలామంది చాలా బాగా మాట్లాడతారు. అతనికి విశాఖలో వాన పడుతోందని తెలియదు, అంతే. ఇక ఏదైనా తప్పితే, లింకు తెగి నిశ్శబ్దం వస్తే, అరనిమిషంలో సైలెన్స్ డిటెక్టర్ పసిగట్టి ట్రాన్స్‌మిటరు దగ్గర దాచిన పాటలు మొదలెడుతుంది. వినేవాడికి ఏమీ తెలియదు. ఊరు మునుగుతున్నా పాటలు వస్తూనే ఉండే ఏర్పాటు అది.

927లో మాత్రం గొంతు ఉంది. ఆకాశవాణినీ ఇక్కడ వెనకేసుకురాలేం. 2018 డిసెంబరులో జాతీయ ఛానెల్‌ని, హైదరాబాదుతో సహా అయిదు ప్రాంతీయ శిక్షణ కేంద్రాల్ని మూసేయమని ఉత్తర్వు వచ్చింది. చాలా కేంద్రాలు క్యాజువల్ అనౌన్సర్ల మీదే, అంటే పర్మనెంటు కాని మనుషుల మీదే నడుస్తున్నాయి. ప్రభుత్వం చేసినా కంపెనీ చేసినా, దూరంలో కూచుని కోసేది ఊరి గొంతునే.

మంగళవారం, గాజువాక

షేర్ ఆటోలో రేడియో లేదు, డ్రైవరు ఫోన్లోంచి బ్లూటూత్ పాటలు. "రేడియోలో ఏటుందండీ, ఇవే పాటలు" అన్నాడు. సరైన మాటే. పాటలే అయితే ఫోనే మేలు.

గాజువాక జంక్షన్‌లో స్టీల్ ప్లాంట్ షిఫ్టు దిగినవాళ్ల రద్దీ. పునుగులు, అల్లం చట్నీ, 30. ఇక్కడ నిలబడి చుట్టూ చూస్తే ఉక్కు, ఎరువులు, చమురు శుద్ధి, రేవు, కొన్ని కిలోమీటర్ల దూరంలోనే. కమ్యూనిటీ రేడియోకి ఇంతకంటే తగిన చోటు ఆంధ్రలో చాలా తక్కువ. నియమాలు 2002లో విద్యాసంస్థలకి, 2006లో స్వచ్ఛంద సంస్థలకి తెరిచారు. తెలుగునేల మీద సంగారెడ్డి జిల్లా మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 నుంచి ఉంది. ట్రాన్స్‌మిటరు 50 వాట్లు, యాంటెన్నాతో కలిపి ప్రసార శక్తి 100 వాట్లు, స్తంభం 30 మీటర్ల లోపు, వినిపించేది పది పన్నెండు కిలోమీటర్లు. కార్యక్రమాల్లో సగమన్నా అక్కడివాళ్లు తయారుచేసినవి ఉండాలి. సొంత వార్తలు వీళ్లకీ లేవు, హెచ్చరికలకి అడ్డు లేదు.

డబ్బు సంగతి కూడా రాసుకున్నాం. 2024 ఫిబ్రవరి నుంచి కమ్యూనిటీ రేడియో గంటకి 12 నిమిషాల ప్రకటనలు వేసుకోవచ్చు, ప్రభుత్వ ప్రకటన రేటు 10 సెకన్లకి 74 రూపాయలు. పన్నెండు నిమిషాలూ నిండటం కల్ల. గంటకి ఒక్క నిమిషం దొరికిందనుకుందాం: 444 రూపాయలు. రోజుకి 16 గంటలకి 7,104. బిల్లులు ఆలస్యంగా వస్తాయి, అన్నీ రావు, సగమే చేతికొచ్చిందనుకున్నా నెలకి లక్ష దాటుతుంది. కరెంటు, మరమ్మతులు పోగా, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఫోన్ పక్కన కూచునే మనిషికి జీతం అందులోంచి ఇవ్వొచ్చు.